పూతకు ముందు తోముడు

మా తమ్ముడి కారు భూపాలపల్లిలో ఒక గని కాంట్రాక్టు ఆఫీసుకు కిరాయికి తిరుగుతుంది. వాడి సంసారం నడిచేది దాని మీదే. ఆ శనివారం సాయంత్రం జనగామలో మా ఇంటి ముందు కారు ఆపి, లోపలికి రాకుండానే చెప్పాడు.

"అన్నా, కొత్త సారొచ్చిండు. గీ బండి మసి పట్టి ముసలిదైంది, సోమవారం పొద్దుగాల సూస్త, గిట్లనే ఉంటే వేరేది పెట్టుకుంట అంటాండు."

కారు తెల్లది. అంటే కొన్నప్పుడు తెల్లది. మొదట మహబూబాబాద్ నుంచి బయ్యారం దాకా ఎర్రదుమ్ములో ప్యాసింజర్లను తిప్పాడు. తర్వాత బొగ్గు లారీల వెనక తిప్పాడు. విలేకరిగా ఆ రోడ్లన్నీ తిరిగినవాణ్ణి కనుక ఆ రెండు దుమ్ములూ నాకు తెలుసు. చొక్కాకు పడితే ఉతికినా పూర్తిగా పోవు.

వాడు డిక్కీలోంచి ఒక చిన్న సీసా తీశాడు. రంగు మీద గాజులా గట్టిపడి, దుమ్మును అంటనివ్వని పూత అట. షాపువాళ్లు బండిని మూడు రోజులు ఉంచమన్నారు. వాడికి దొరికింది ఆదివారం ఒక్కటే.

"పూసుడు ఎంతసేపు అన్నా, దాని ముందట తోముడే ఉన్నది" అన్నాడు.

పొద్దున్నే రేకుల షెడ్డు కింద మొదలుపెట్టాం. షాంపూ నీళ్లతో కడిగితే కారు తెల్లబడింది. ఇక అయిపోయిందనుకున్నాను. వాడు నా చేతికి పల్చటి క్యారీ బ్యాగు తొడిగించి, బానెట్ మీద నిమరమన్నాడు. కంటికి కనబడనిది చేతికి తగిలింది. గరుకు కాగితాన్ని తడిమినట్టుంది. రంగులో దిగబడిపోయిన దుమ్ము అది. దాన్ని తీయడానికి పిల్లలు ఆడుకునే మైనం లాంటి ముద్ద ఒకటి ఉంటుంది. సబ్బునీళ్లు చల్లుతూ ఆ ముద్దతో జానెడు జానెడు మేర రుద్దుకుంటూ పోవాలి. కాసేపటికి ముద్ద గోధుమరంగుకు తిరిగేది. మడిచి శుభ్రమైన వైపుతో మళ్లీ రుద్దేవాళ్లం. మోకాళ్లు నొచ్చాయి. ఎడమ భుజం పైకి లేవడం మానేసింది. తర్వాత పాలిష్ పెట్టి గీతలు పోయేదాకా రుద్దాం. చివరికి ఆ పాలిష్ జిడ్డు కూడా మిగలకుండా స్పిరిట్‌తో తుడిచాం. ఏ కొంచెం నూనె ఉన్నా పూత పట్టదట.

మా ఆవిడ గడపలో నిలబడి చూసింది. "ఇంట్ల ఒక్క గిన్నె తోమమంటే నడుము నొప్పంటవు. గిదేంది మరి?"

"గిన్నెకు గీ మందు రాదు వదినె" అన్నాడు తమ్ముడు.

చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాం. తిన్నాక గోడకు ఆనుకుంటే కళ్లు మూతలు పడ్డాయి. లేచి షెడ్డులోకి వెళితే కారు ధగధగా మెరుస్తోంది. పక్కన బాపు, అంటే మా నాన్న, చేతిలో గుడ్డతో. డీజిల్ వాసన.

బాపు జఫర్‌గఢ్‌లో చాలాకాలం ట్రాక్టర్ నడిపాడు. బండి కడిగాక చివర డీజిల్ గుడ్డతో తుడవడం ఈ పక్క పద్ధతి. అలా తుడవకపోతే అది కడిగిన బండి కింద లెక్క కాదు.

"పొద్దటి సంది తోమిన్రు గని, మెరుపు రాలే" అన్నాడు బాపు. "గిప్పుడు సూడున్రి."

తమ్ముడు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. కోప్పడతాడనుకున్నాను. అంత ఓపిక కూడా వాడి ముఖంలో లేదు.

"మంచిగ మెరుస్తాంది బాపు. గని గీ మందుకు నూనె పడది. మళ్ల కడగాలె."

"అంటే నేను ఖరాబు జేసిన్నా?"

"నీకు జెప్పకుండ తినవోయినం. మాదే తప్పు."

బాపు గుడ్డను తన భుజం మీద వేసుకుని, వెళ్లి పైపు పట్టుకొచ్చాడు.

మళ్లీ సబ్బునీళ్లు. డీజిల్ తలుపు సందుల్లోకి, అద్దాల అంచుల్లోకి దిగింది. కడిగినచోటికే మళ్లీ కారుతోంది. స్పిరిట్ సీసా ఎత్తి చూస్తే సగం కారుకు సరిపోయేంత ఉంది. పొద్దు వాలుతోంది. మందు పూశాక రాత్రంతా తడి తగలకుండా ఆరాలి.

తమ్ముడు సీసా వంక, కారు వంక చూశాడు. "అన్నా, సారు ఎక్కేది ఎడమ దిక్కు. ఎనక సీట్ల కూసుంటడు. బానెట్టు, ఎడమ తలుపులు జేద్దాం. కుడి దిక్కు బాపు మెరుపు ఉండనియ్."

"డ్రైవర్ దిక్కు ఎవడు సూస్తడు" అన్నాడు బాపు. ఆ మధ్యాహ్నం నుంచి బాపు నవ్వింది అప్పుడే.

స్పిరిట్‌తో తుడిచిన మేరకే, చిన్న స్పాంజితో పూత పూశాం.

సోమవారం తెల్లవారకముందే వాడు వెళ్లిపోయాడు. నేను మంచం దిగలేదు. పది దాటాక ఫోన్ వచ్చింది.

"ఏమన్నడురా?"

"ఏమనలే అన్నా. ఫోన్ల మాట్లాడుకుంట వచ్చిండు. తలుపు దీసి కూసున్నడు. పోదాం పద అన్నడు."

"బండి సూడలేదా?"

"లేదు. ఉంచుకుంటడో లేదో అని ఆఫీసుల అడిగిన. సారు మర్శిపోయిండట, నడుపుకో అన్నరు."

వాడి వెనక ఏదో లారీ హారన్ మోగింది.

"బాపుకు జెప్పు, పరేషాన్ కావద్దని" అన్నాడు వాడు.

చెప్పడానికి లేవాలి. ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఇంకాసేపు పడుకున్నాను.