కింద ఉంచిన ఖాళీ

సమాధిరాళ్ళు చెక్కే ఆ పెద్దాయనకు మాట కంటే దగ్గు ముందొస్తుంది. కనుబొమల నిండా రాతిపొడి, చెవి సందున సుద్దముక్క. మూతికి గుడ్డ కట్టుకోమంటే, "రాయి మనకి అన్నం పెట్టింది, ప్రాణం తీస్తుందా?" అని నవ్వేస్తాడు. తీసింది. షెడ్డు వెనక ఒకే రాయి మీద ఆయన తాత, తండ్రి, అన్న ఉన్నారు. ముగ్గురూ ఆ దగ్గుతోనే పోయారు. వాళ్ళ ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, పోయినవాడి పేరు పక్కన చనిపోయిన ఏడాది చెక్కినవాడే దాని కింద తన పేరూ, పుట్టిన ఏడాదీ చెక్కుకోవాలి. పక్కన ఖాళీ ఉంచితే మిగతాది తర్వాతివాళ్ళు నింపుతారు. అన్న పేరు కింద ఆయన పేరు పదేళ్ళుగా సగంలో ఆగి ఉంది. ఈ పని తనతోనే సరి అనుకుని కూతురిని ఉలి ముట్టనివ్వలేదు.

ఇవాళ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే షెడ్డులోంచి ఉలి చప్పుడు వినబడింది. వెళ్ళి చూస్తే కూతురు.

"నీ చేతులు వణుకుతున్నాయిగా నాన్నా. ఆర్నెల్ల నుంచీ నువ్వు పడుకున్నప్పుడల్లా నేనే చెక్కుతున్నా."

ఆయన అక్షరాలను వేలితో తడిమాడు. తనకంటే బాగా చెక్కింది. మెచ్చుకుందామని నోరు తెరిచేలోపు కూతురు పక్కకి తిరిగి దగ్గింది. పొడిదగ్గు.

"మంచినీళ్ళు తాగమ్మా, తగ్గిపోతుంది," అన్నాడు.

అన్నకి కూడా మొదట్లో అదే చెప్పాడు.