తిన్లేదు సార్, వొలిస్తిని

2022 ఏప్రిల్. పావగడ బస్టాండు వెనకనున్న నా డెంటల్ క్లినిక్‌కు మంగళవాడ నుంచి అంజినమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. భూమిలో ఎక్కువ భాగం సోలార్ పార్కుకు లీజుకిచ్చి, మిగిలిన రెండెకరాల్లో చెనిక్కాయ, అంటే వేరుశనగ, పెట్టే కుటుంబం. బోరింగు పిడి తగిలి పైన ముందుపన్ను ఒకటి ఊడి మూడేళ్లయింది. మాట్లాడినంతసేపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఉంది.

"ఏం కావాలక్కా?" అన్నాను.

"కొంగు అడ్డం లేకుండా నగాల సార్. అంతే."

ఇంప్లాంట్ అంటే ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. దాని మీద క్రౌన్, అంటే పన్ను ఆకారపు తొడుగు, కూర్చోబెడతాం. పైదవడ ముందు భాగంలో ఈ పని తేలిక కాదు. దవడ పళ్ల మీద బరువు నిలువుగా పడుతుంది. ముందుపళ్లకు అలా కాదు, కింది పళ్లు వెనక నుంచి తగిలి వాటిని పెదవి వైపు నెడతాయి. ఆ వైపు ఎముక మామూలుగానే పలచన. పైగా సొంత పన్నుకు వేరు చుట్టూ లిగమెంట్ అనే మెత్తటి పొర ఉంటుంది, దెబ్బను అది కాస్త మింగుతుంది, ఎక్కువైతే నొప్పితో చెబుతుంది. ఇంప్లాంటుకు ఆ పొర లేదు. ఎంత బరువు పడినా నోరెత్తదు, ఎముక మీదికి తోసేస్తుంది.

అంజినమ్మకు మూడేళ్లలో ఎముక మరీ సన్నబడింది. ఈ ఇంప్లాంటు కదిలితే ముందరి ఎముకను కూడా పోగొడుతుందని, రెండోసారి వేయడానికి చోటు మిగలదని ముందే చెప్పాను. పన్ను లేకుండా ఊరికి పోనని పట్టుబట్టింది. స్క్రూ బిగించాక గట్టిగానే పట్టింది కదా అని ఆ రోజే టెంపరరీ క్రౌన్ బిగించాను. కింది పన్ను తగలకుండా పొట్టిగా అరగదీసి, "నాలుగు నెలలు ముందుపళ్లతో గట్టివి ఏవీ తినొద్దు" అని రెండుసార్లు చెప్పాను.

మే చివర క్రౌన్ వదులై వచ్చింది. ఏం తిన్నావంటే సంగటి, చారు అంది. బిగించి పంపాను. పది రోజులకు మళ్లీ అదే కథ. ఈసారి తట్టి చూస్తే ఇంప్లాంటు మీదే నొప్పి అంది. ఎక్స్‌రేలో ఇంప్లాంటు మెడ దగ్గర ఎముక కొంచెం తరిగింది. నాకు ఒళ్లు మండింది. కేస్ షీటులో 'పేషెంట్ మాట వినడం లేదు' అని రాసేశాను. క్రౌన్ విప్పితే చిగురు అంచున చెనిక్కాయ తొక్క పీచు దొరికింది.

"ఇదేందక్కా? కాయలు తిన్నావు కదా. నిజం చెప్పు."

"తిన్లేదు సార్, వొలిస్తిని. విత్తనం కాయలు ఎవురన్నా తింటారా?"

"పండ్లతోనా?"

"మిషన్లో ఏస్తే పప్పు పగుల్తాది, మొలకెత్తదు. సేత్తో వొలిస్తే రెండో దినానికే ఏళ్లు బొబ్బలెక్కుతాయి. పండ్లతో కాయ ముక్కు నొక్కితే సాలు." చేతిసంచిలోంచి ఒక కాయ తీసి, పక్కపళ్ల మధ్య ఉంచి చూపించింది. టప్పుమంది. పప్పులు అరచేతిలో పడ్డాయి, తడి కూడా అంటలేదు. "మీరు తినొద్దంటిరి, నేను తిన్లేదు. వొలిచేది గూడా వద్దని చెప్పింటే మానుకుందును కద సార్."

మా అమ్మ కూడా విత్తనాల కాలంలో అలాగే ఒలిచేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కారణం కోసం ఆమె తిండి అంతా గాలించాను. సిగ్గేసింది. షీటులో రాసింది ఆమె ముందే కొట్టేసి, 'నేను సరిగా అడగలేదు' అని రాశాను.

ఇంప్లాంటుకు మూత బిగించి, దానికి ఆనకుండా తీసి పెట్టుకునే పన్ను ఒకటి ఇచ్చాను. ఆ సారి విత్తనం కాయలు ఆమె ఆడబిడ్డ ఒలిచిందట. దీపావళి దాటాక చూస్తే ఎముక నిలబడింది. అసలు క్రౌన్ బిగించి, ఎక్కడ తగులుతోందో మరక పడి తెలిసేలా నీలం కాగితం కొరికించి, కింది పన్ను వత్తిడి తగ్గేదాకా సరిచేశాను. అద్దం చూసుకుని నవ్వింది.

అప్పటి నుంచి ఎవరొచ్చినా ఏం తింటారని మాత్రమే అడగను. మీ పండ్లు ఏమేం పని చేస్తాయని అడుగుతాను. మొన్న సోలార్ పార్కు ఎలక్ట్రీషియన్ ఒకడు వైరు తొక్క తీస్తాయన్నాడు. పూలు కట్టే ఆవిడ దారం తెంచుతాయంది. ఇవేవీ నేను చదివిన పుస్తకాల్లో లేవు.

అంజినమ్మ ఎముక నిలబడింది కాబట్టి ఇంత తీరిగ్గా రాస్తున్నాను. ఆ పీచు దొరక్క, ఇంప్లాంటు ఊడిపోయి ఉంటే, తప్పంతా ఆమెదేనని ఈ రోజుకీ నమ్ముతూ ఉండేవాణ్ణి.