టైరు ఇంకా నేర్చుకుంటున్నది

మా డానియేలు కాకను అడిగితే ఈ లోకంల తప్పు చేసిన డ్రైవరు ఒక్కడు గూడ లేడు. తప్పంతా టైర్లదే. బండి పోయి గోడకు తాకిందా, టైరుది తప్పు. ఆగాల్సిన కాడ ఆగలేదా, టైరుది తప్పు. ఒకసారి మా అడ్డా మీద భిక్షపతి రివర్స్ తీస్కుంట తన ఫోన్‌ను తనే తొక్కిండు. అందరం నవ్వుతున్నం. కాక మాత్రం కిందికి ఒంగి చూసి, "ఏ టైరు తొక్కిందిరా?" అని అడిగిండు. ఎడమ దిక్కు ముందుదని చెప్తే, "నాకు దాని మీద మొదటి నుంచి అనుమానమే" అన్నడు.

నేను ఎల్లేష్. యాకుత్‌పురా స్టేషన్ పక్కన క్యాబ్ అడ్డా మాది. కాక బస్సు డిపోల టైర్ల సెక్షన్ల ముప్పై రెండేండ్లు పని చేసి రిటైరైండు. మనిషి మొకం కంటె ముందుగాల బండి టైరు చూస్తడు. "ఏం కాకా, మంచిగున్నవా?" అంటే, "నేను మంచిగనే ఉన్న, నీ వెనక టైర్ల గాలే తక్కువున్నది" అంటడు. కాశమ్మ చిన్నమ్మ, అంటే కాక పెండ్లాం, ఒక మాట అంటుండె. పెండ్లిచూపుల నాడు ఈయన తనను చూడనే లేదంట, వాళ్ల నాయిన సైకిల్ టైర్లు చూసి ఒప్పుకున్నడంట.

కాకకు ఒక పరీక్ష ఉన్నది. ఎవలన్న కొత్త టైర్లు ఏస్తే ఆ పరీక్ష అయ్యేదాక మా అడ్డా నమ్మది. తెల్లంగి తొడుక్కుంటడు. గౌస్ భాయ్ హోటల్ల గ్లాసు అంచుదాక చాయ్ పోయించుకుంటడు. అది సల్లారి మీద మీగడ కట్టేదాక ఆగుతడు. తర్వాత డ్రైవరు పక్క సీట్ల కూసోని, గ్లాసు రొమ్ముకు ఎదురుంగ పట్టుకోని, "పోనియ్" అంటడు. గుంతలు, మలుపులు, బ్రేకులు, అన్నీ తిరిగొచ్చినంక కిందికి దిగి అంగి మీద పడ్డ చుక్కలు లెక్కవెడ్తడు.

"డ్రైవర్లు వంద చెప్తరు, మస్తుంటది, అతుక్కుంటది, ఎగురుతది అని. అంగి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తది" అని కాక నమ్మకం.

గౌస్ భాయ్ వెనక నుంచి మొత్తుకుంటడు, "డానియేల్ భాయ్, గ్లాస్ వాపస్ లావ్!" అని. ఇంటి కాడ కాశమ్మ చిన్నమ్మ మొత్తుకుంటది. "నువ్వు టైర్లకు డాక్టరువైతే నేను చాయ్ మరకలకు డాక్టర్నైన గదయ్యా! గా పరీక్ష నల్లంగి ఏస్కోని చేస్తే ఏంబోతది?"

"నల్లంగి అబద్ధం చెప్తదే" అంటడు కాక.

పోయిన యేడు బహదూర్‌పురాల ఒక దుకాణానికి సస్తల స్పోర్ట్ టైర్లు దిగినయి. పెద్ద కంపెనీవి రెండు కొనే పైసలకు నాలుగొస్తున్నయి. మా అడ్డా మీద ఒకటే లొల్లి. సస్తవి వానల జారుతయని ఒకడు, ఆరు నెలలకే అరుగుతయని ఇంకొకడు. ఒక్కడు గూడ ఏసినోడు లేడు, చెప్పేటోళ్లు మాత్రం పదిమంది. నాకు ముందుగాల దూకుడు అలవాటు. పోయి నాలుగూ ఏయించిన.

ఏం చెప్పాలె! చాదర్‌ఘాట్ మలుపుల బండి రోడ్డును గుంజి పట్టుకున్నది. వానల బ్రేకు మీద కాలు పెట్టంగనే ఆగింది. జర సప్పుడు చేస్తయి, గుంతలల్ల గట్టిగ కొడ్తయి, గని ఆ పైసలకు అంతకన్న ఏం గావాలె? కాక చాయ్ పట్టుకోని కూసున్నడు, తిరిగొచ్చినం, అంగి చూసిండు. ఒక్క చుక్క లేదు. "సున్న" అన్నడు. మా అడ్డా మీద సున్న పడుడు ఎనిమిదేండ్లల్ల గదే మొదలు. ఆ వారంల నా మాట మీద తొమ్మిదిమంది అవే టైర్లు ఏయించిండ్రు. నేను కాలర్ ఎగరేస్కోని తిరిగిన.

గప్పుడే శ్రీహరిరావు సార్ మాకు తగిలిండు. మలక్‌పేటల ఉంటడు, సొంతూరు బాపట్ల దిక్కు. గవర్నమెంట్ల ఇంజనీరు పని చేసి రిటైరైండు. వాళ్ల మేడం కమలకుమారి గారిని మోకాళ్ల డాక్టర్ కాడికి వారంవారం నేనే తీస్కపోతుంటి. సార్ ముప్పై ఏండ్లు ఆఫీసు జీపుల వెనక సీట్ల కూసున్నోడు. "రిటైరయ్యాక నేనే కారు నడుపుతాను, నువ్వు నా పక్కన కూర్చుందువు గాని" అని మేడంకు ఆ ముప్పై ఏండ్లూ చెప్పుకుంట వచ్చిండు. అన్నట్టే చిన్న కారు కొన్నడు, లైసెన్స్ తీస్కున్నడు, మేడంను పక్కన కూసోవెట్టుకున్నడు. ఇంటి సందు దాటకముందే దానిమ్మ పండ్ల బండిని గుద్దిండు. ఎవలికి ఏం గాలే. గని మేడం ఒడిల నుంచి ఒక దానిమ్మ పండు తీసి పండ్లాయన చేతిల పెట్టి, దిగి, నడుసుకుంట ఇంటికి పోయింది. ఇగ ఆ కారు ఎక్కనన్నది.

సార్ నా తానకొచ్చి, "టైర్లలో ఏదో లోపం ఉందేమోనయ్యా ఎల్లేష్" అన్నడు.

"గంతే సార్! స్పోర్ట్ టైర్లు ఎయ్యుండ్రి, బండి మీ మాట ఇనకపోతే నన్నడుగుండ్రి" అన్న. నా నోటికి తాళమెయ్యాలె. తెల్లారి నేనే దగ్గరుండి ఏయించిన. కాకను పిలిచిన. కాక తెల్లంగితోని పోయిండు, తిరిగొచ్చేసరికి అంగి మీద పదకొండు చుక్కలు, రెండు చాయ్ ఏర్లు.

సార్ తల దించుకున్నడు. కాక అంగి దులుపుకోని, "మీది తప్పేం లేదు సార్. కొత్త టైరు గద, ఇంకా నేర్చుకుంటున్నది. రేపు పొద్దుగాల ఆరింటికి మల్ల చూద్దాం" అన్నడు.

ఇగ చూస్కోండ్రి. ప్రతి దినం పొద్దుగాల ఆరింటికి రైల్వే క్వార్టర్ల వెనక ఖాళీ జాగల సార్ కారు, కాక చాయ్ గ్లాసు. ఏడింటికి కాక అడ్డా మీదికొచ్చి, ఎన్నికల ఫలితాలు చెప్పినట్టు, "ఇయ్యాల తొమ్మిది!" అని చెప్పుడు. ఇంకో దినం పది. మల్ల తొమ్మిది. నెల దినాలు గిదే కథ.

అడ్డా అంత నా మీద పడ్డది. "ఏందన్నా, సున్న టైర్లంటివి! రోజు తొమ్మిది చుక్కలు పడ్తున్నయంట గద!" అని భిక్షపతి. ఇద్దరైతే టైర్లు వాపస్ చేస్తమని దుకాణానికే పోయొచ్చిండ్రు. నా ఇజ్జత్ పోతున్నది. నిద్ర పడ్తలేదు. ఆ టైర్లు మంచియని నాకు ఎరుకే, అవి మంచియైతే తప్పెవలిదో గూడ ఎరుకే.

శనివారం నాడు గౌస్ భాయ్ హోటల్ల అందరం ఉన్నం. కాక, సార్ ఒక బల్ల కాడ కూసున్నరు. ఆ దినం ఏడు చుక్కలు. సార్ మెల్లగ అన్నడు, "ఇంక చాలు డానియేలు గారూ. కారు అమ్మేస్తున్నాను. రేపు పదింటికి కొనేవాళ్లు వస్తారు. రేపు పొద్దున్న ఆఖరిసారి తిప్పి ఇచ్చేస్తాను. మా ఆవిడ నన్నేమీ అనలేదు. అదే నాకు కష్టంగా ఉంది."

నాకు సార్ బాధ వినవడలే. నా టైర్ల ఇజ్జతే వినవడ్డది. దిగ్గున లేసిన.

"కాకా, జరాగు! అదే దుకాణం, అదే టైరు. నా బండిల సున్న, సార్ బండిల ఏడు. మరి టైరుది తప్పెట్లయితది? ఇగ దాచుడెందుకు, తప్పు..."

కాక గ్లాసు బల్ల మీద పెట్టి లేసిండు. అంతమందిల నన్ను తిడ్తడనుకున్న. దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేసి, వాకిట్లకు తీస్కపోయి, నాకొక్కనికే వినవడేటట్టు అడిగిండు.

"పన్నెండేండ్ల కింద డిపో వెనక మైదానంల నువ్వు పాత వ్యాను నేర్చుకున్నవ్. యాదికున్నదా?"

"ఉన్నది."

"ఎన్ని దినాలు పట్టింది?"

"నలభై ఒకటి."

"మొదటి దినం నా అంగి మీద ఎన్ని చుక్కలు వడ్డయి?"

"చుక్కలు గాదు కాకా, గ్లాసే వడ్డది."

"గప్పుడు నేనేమన్న?"

"పిలగాడు బంగారం, టైర్లే దొంగవి అన్నవ్. ఇంటికొచ్చి మా అమ్మకు గూడ గదే చెప్పినవ్." మా అమ్మ సత్తెమ్మ, వీనికి బండి రాదని బస్తీ అంత అంటుంటే, కాక మాట పట్టుకోని నలభై ఒక్క దినాలు ఆ టైర్లనే తిట్టింది, నన్ను తిట్టలే.

"నలభై ఒకటో దినం సున్న వడ్డది. మరి ఆ వ్యానుకు టైర్లెప్పుడు మార్చినమురా?"

నేను ఆలోచన చేసిన. ఆ అరిగిపోయిన గుండు టైర్లే మొదటి దినం, ఆ గుండు టైర్లే ఆఖరి దినం. ఎవ్వలు మార్చలే. పన్నెండేండ్ల సంది అవి దొంగ టైర్లని నేను అందరికీ చెప్పుకుంట తిరుగుతున్న! నాకు సిగ్గయింది, నవ్వు గూడ వచ్చింది, కండ్లల్ల జర తడి గూడ వచ్చిందని ఒప్పుకుంట. కాక మీద గంత ప్రేమ పుట్టింది.

లోపలికి పోయి అందరు వినేటట్టు ఒర్రిన. "సార్! నా టైర్లు గూడ శురూల గిట్లనే సతాయించినయి. నలభై ఒక్క దినాలు! మీయి ముప్పై దినాలకే ఏడుకొచ్చినయంటే మస్తు తెలివైన టైర్లు సార్ అవి!"

భిక్షపతి, "అదేందన్నా, ఇప్పుడే గద నువ్వు..." అని నోరు తెరిచిండు. వాని కాలు తొక్కిన. వాడు కెవ్వుమన్నడు. "నా తప్పేం లేదురా, చెప్పుది తప్పు" అన్న.

ఆదివారం పొద్దుగాల ఎనిమిదింటికి మలక్‌పేట పోయినం. కాక చర్చికి ఏస్కపోయే అంగి తొడుక్కోని వచ్చిండు. ఇంట్ల మరక లేని అంగి గదొక్కటే మిగిలింది. చేతిల నిండు గ్లాసు. సార్ స్టీరింగ్ ముందట కూసోని ఉన్నడు, మొకం ఇంటర్వ్యూకు పోయేటోని లెక్క ఉన్నది. కాక ముందు డోర్ తీసేసరికి మేడం బయటికొచ్చింది. గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకున్నది.

"ఆ గ్లాసు ఇలా ఇవ్వండి డానియేలు గారూ. చర్చికి వెళ్లాల్సిన చొక్కా, ఎందుకు పాడుచేసుకోవడం? ముందు నేను కూర్చుంటాను."

సార్ బెదిరిపోయిండు. "కమలా, నువ్వు... నువ్వెక్కుతావా?"

"నిన్న కాశమ్మ గారు మనింటికి వచ్చి నాతో పోట్లాడారు. మీ ఆయన వల్ల మా ఆయన చొక్కాలన్నీ నాశనమని. నెల కిందట వారానికి రెండు సబ్బులయ్యేవిట. ఇప్పుడు ఒకటి కూడా అవడం లేదుట. అంటే టైర్లు బాగుపడుతున్నట్టే కదా? పోనివ్వండి."

కాక, నేను వెనక సీట్ల కూసున్నం. సార్ గేరేసిండు. రేస్ కోర్స్ పక్క రోడ్డు మీద పోతుంటే ఒక ఆటో, చెయ్యి సూపియ్యకుండ, హారన్ కొట్టకుండ అడ్డం తిరిగింది. నేను కండ్లు మూస్కున్న. ఇగ పోయింది అనుకున్న. బండి మెల్లగ, పండుకున్న పిల్ల లేవకుండ ఆగినట్టు ఆగింది. కండ్లు తెరిచి చూస్తే సార్ స్టీరింగ్ గట్టిగ పట్టుకోని ఉన్నడు, బండి నిలవడి ఉన్నది. టైర్లు గూడ మంచిగ పట్టినయి, అది గూడ చెప్పాలె. సిగ్నల్ కాడ ఆగినం, తిరిగినం, ఇంటికొచ్చినం.

కాక దిగంగనే ముందట డోర్ కాడికి ఉరికిండు. "ఎన్ని చుక్కలమ్మా?"

మేడం ఖాళీ గ్లాసు చేతిల పెట్టింది. "చుక్కలా? సిగ్నల్ దగ్గర తాగేశాను. చల్లారిన టీ ఎంతసేపని పట్టుకోను?"

"అయ్యో, పరీక్షంత ఖరాబ్ చేసిండ్రమ్మా!" అని కాక నెత్తి పట్టుకున్నడు.

మేడం నవ్వింది. "పెళ్లైన కొత్తలో నా చారులో ఉప్పెక్కువైతే ఈయన ఉప్పుని తిట్టేవారు, నన్ను ఒక్క మాటనలేదు. మీ టైర్ల సంగతి నాకు అర్థం కాలేదనుకోకండి డానియేలు గారూ." సార్ ఫోన్ తీసి, కారు అమ్మడం లేదని కొనేటోళ్లకు చెప్పిండు. చెప్పుకుంటనే మేడం దిక్కు దొంగచూపులు చూస్తున్నడు.

గప్పుడే సార్ సంబురంల తాళాలు తెచ్చి కాక చేతిల పెట్టిండు. "గురువు గారూ, ఒక్క రౌండు మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను."

కాక రెండడుగులు వెనకకు వేసిండు. "నాకు రాదు సార్."

"ఏం రాదు?"

"బండి. ముప్పై రెండేండ్లు టైర్లకు గాలి కొట్టిన, నట్లు బిగిచ్చిన. స్టీరింగ్ ఎవ్వలూ ఇయ్యలే, నేను అడగలే."

నేను నోరు తెరిచిన. "మరి నాకెట్ల నేర్పినవ్ కాకా? సార్‌కెట్ల నేర్పినవ్?"

"నేనేం నేర్పినరా? చాయ్ పట్టుకోని కూసున్న, గంతే."

ఇప్పుడు కాకకు అరవై నాలుగు. లర్నింగ్ లైసెన్స్ తీయించిన. ఆ పై వారం సోమవారం పొద్దుగాల ఆరింటికి రైల్వే క్వార్టర్ల వెనక జాగల, నా బండిల, స్టీరింగ్ ముందట కాక. పక్క సీట్ల నేను. ఒంటి మీద తెల్లంగి, కాకదే, కాశమ్మ చిన్నమ్మ ఇచ్చింది, "ఇన్ని మరకలల్ల ఇంకొకటి ఎక్కువ గాదు, తొడుక్కోరా" అని. చేతిల గౌస్ భాయ్ గ్లాసు.

"పోనియ్" అన్న.

కాక క్లచ్ ఇడిచిండు. బండి ఎగిరి దుంకి ఆగిపోయింది. గ్లాసంత నా రొమ్ము మీద. మీగడ గడ్డానికి అంటుకున్నది.

కాక మొకం చిన్నగ చేస్కోని, నా దిక్కు చూడకుండ అడిగిండు, "ఎన్ని చుక్కలురా?"

నేను అంగి చూసిన. లెక్కవెట్టుటానికి ఏం మిగల్లే.

"నీ తప్పేం లేదు కాకా. టైరు ఇంకా నేర్చుకుంటున్నది."

అవి అవే టైర్లు, కాక నోటితోని సున్న అనిపిచ్చుకున్న టైర్లు. కాక నా మొకం చూసిండు, అంగి చూసిండు, తర్వాత కిటికీల నుంచి మెడ బయటవెట్టి ముందటి టైరు దిక్కు శానాసేపు చూసిండు.

"అవ్‌రా" అన్నడు, "నాకు దాని మీద మొదటి నుంచి అనుమానమే."