పసుపు గుర్తులు

2024 ఆగస్టు 11, ఆదివారం, ఉదయం 5 గంటల 52 నిమిషాలు. కల్లూరులో కాటాలు సరిచేసే వీరభద్ర గుర్తును నమ్మే మనిషి. వారానికొకసారి తుంగభద్ర ఒడ్డు పార్కులో తల వంచుకుని నడుస్తాడు; దారి చూపే రాళ్లపై పసుపు రంగు గుర్తులను ఒక్కొక్కటీ చేతికర్రతో తాకనిదే ముందుకు సాగడు. ఆనాడు గుర్తులు జమ్ము పొదల్లోకి మళ్లాయి. అతడూ మళ్లాడు.

“ఏమప్పా, యాడికి పోతాండావు? ముందర ఇసుక తవ్విన గుంత ఉండాది!” గడ్డి కోస్తున్న ఉరుకుందమ్మ కేక వేసింది.

“గుర్తులు ఉండాయి గదమ్మా!”

“అయ్యో, అది మొన్న శుక్రవారం గంగమ్మకు మొక్కి మేం రాళ్లకు పూసిన పసుపప్పా!”

వీరభద్ర రాయిని రుద్దాడు. వేలికి పసుపు అంటింది. కర్ర ముందుకు చాపితే నేల తగల్లేదు. ఉన్నచోటనే ఆగిపోయాడు. జమ్మును పక్కకు తీశాడు. గుంత అవతలి అంచున హెచ్చరిక పలక మీద లోతు రాసి ఉంది: 22 అడుగులు.