మంద వెంట పోయిన ఓట్లు

ఎవరికీ చెప్పని మాట ఒకటి. బెంగళూరు ప్రయోగశాలలో పనిచేసేటప్పుడు, నా లెక్కకు కుదరని మూడు ఫలితాలను నోటుపుస్తకంలో కొట్టేశాను. ఎవరూ అడగలేదు. ఏడాది తర్వాత హోసూరు పక్కనున్న మా ఊరు బాగలూరు ఓటర్ల జాబితాలో పదకొండు మంది గొర్రెల కాపరుల పేర్లు ‘ఇల్లు మారారు’ అని కొట్టేసి కనిపించాయి. నా నోటుపుస్తకం గుర్తొచ్చి, ఆ ఉద్యోగానికి మళ్లీ వెళ్లలేకపోయాను.

పేర్లు తిరిగి చేర్చమన్న మా అర్జీని కింది ఆఫీసు తోసిపుచ్చింది. అప్పీలుకు చివరి రోజున, ఉదయం ఎనిమిదింటికి, హోసూరులో కృష్ణగిరి బస్సెక్కాను. వెంట ఆ పదకొండు మందిలో ఒకరైన మునెమ్మ ఉంది. మిగతావారి సంతకాలు, వేలిముద్రలు నా సంచిలో ఉన్నాయి. పొద్దున వెళ్లేవారు కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు.

పక్కన పూలమూట పెట్టుకున్న ఒకాయన నా సంచిలోని కాగితాలు చూసి, “మీరు ఏ పార్టీ అమ్మా?” అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

“పార్టీవాళ్లయితే కార్లో పోదురు గదప్పా. నీ మూట పక్కన కూర్చుంటారా?” అంది మునెమ్మ.

తొమ్మిదిన్నరకు దిగి, బస్టాండులో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో జిల్లా ఎన్నికల ఆఫీసుకు చేరాం.

“మావాళ్లు మూడుసార్లు పోయినారు. ఇండ్లకు తాళాలున్నాయి,” అన్నాడు గుమాస్తా.

“కోతలైనాక గొర్రెల్ని తోలుకోని పోతాం సారూ. ఎరువు కోసరం తోటల్లో మంద కడతాం. ఇల్లు నెత్తిన పెట్టుకోని పోతామా?” అంది మునెమ్మ.

“మిగతా పదిమంది యాడ? ఒకరే అందరి కాగితాలూ కట్టగా ఇస్తే తీసుకోము. సాయంత్రం నాలుగులోపల మనుషులు రావల్ల.”

సంతకాలు చాలనుకోవడం నా పొరపాటు. మామూలుగా అయితే తలవంచుకుని వచ్చేసేదాన్ని. ఆ రోజు కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చున్నాను. “నాలుగు దాకా ఇక్కడే ఉంటాను సార్,” అన్నాను. సంచి ఒళ్లో పెట్టుకున్నాను.

మునెమ్మ తన మొగుడికి ఫోను చేసింది. ఆ వారం వాళ్ల మంద కృష్ణగిరి పక్కనే ఒక మామిడితోటలో ఉంది. మందను తోటాయన చూసుకుంటానన్నాడు. రెండూ నలభైకి పదిమందీ భుజాన కంబళ్లతో, చెప్పులకు పెంటతో లోపలికి వచ్చారు. గుమాస్తా ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు.

“కాగితంలో మమ్మల్ని యాడికి పంపించినారు సారూ?” అని మునెమ్మ మొగుడు అడిగాడు. గుమాస్తా వేలిముద్రలకు స్టాంపు ప్యాడు ముందుకు జరిపాడు.

నిర్ణయం ఇంకా రాలేదు. పదకొండు రసీదులు మాత్రం చేతికొచ్చాయి. మీరెవరైనా ఇలాంటి పని మీద వెళితే, పేరు పోయిన ప్రతివారినీ వెంట తీసుకెళ్లండి. రసీదు ఇచ్చేదాకా కుర్చీ వదలకండి. వచ్చే వారం పక్క ఊరి జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలని, తిరుగు బస్సులోనే నిశ్చయించుకున్నాను.

చీకటి పడే వేళకు బాగలూరులో దిగాం. మునెమ్మ తన రసీదును మడిచి జాకెట్టులో పెట్టుకుని, నా వైపు తిరిగి అంది: “ఇంత చేసినాను గదా అని నువ్వు అడుగుతావేమో. ఓటు ఎవరికేస్తానో నీకు గూడా చెప్పను పోమ్మా.”