బాబాయ్ జేబులో పెంగ్విన్

పంపుల కంపెనీలో బాబాయ్‌ది ఒకటే పిచ్చి. చచ్చినా ఆఫీసు కంప్యూటర్‌ని ఆఫీసు సిస్టంతో తెరవడు. చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చుతాడు. అందులో ఉన్న లినక్సు అనే వేరే సిస్టం వారి పెంగ్విన్ బొమ్మ తెర మీద దర్శనమిస్తే గానీ కుర్చీలో కూర్చోడు.

దీంతో కంప్యూటర్ల ఇన్‌చార్జికి ప్రాణం విసిగిపోయింది. కనపడినదానికల్లా తాళం వేస్తాడని అతన్ని అందరూ తాళంగారంటారు. పాస్‌వర్డ్ పెడితే బాబాయ్ దాటేశాడు. పెన్‌డ్రైవ్ కన్నాలకి టేపు అంటిస్తే, ఆ టేపు పీకి చిరిగిన ఫైలు అతికించుకున్నాడు.

"ఆఫీసు సిస్టంకి ఏం రోగం బాబాయ్?" అన్నాడు తాళంగారు.

"పని మధ్యలో అప్‌డేట్ అంటూ ఆపేస్తుందిరా. నేనేమన్నా దాని నౌకర్నా?"

"కంపెనీ నౌకరువేగా!"

"కంపెనీకి. దానికి కాదు."

మేనేజరు గడువు పెట్టాడు. శుక్రవారానికి కంప్యూటర్లన్నీ ఒక్కలా లేకపోతే తాళంగారు వేరే ఉద్యోగం చూసుకోవాలి.

గురువారం పొద్దున్నే, బాబాయ్ బస్సు దిగకముందే తాళంగారు అతని గదిలో దూరాడు. చూస్తే ఏముంది, పక్క సీటు టైపిస్టు కంప్యూటర్లోనూ పెంగ్విన్ కాపురం పెట్టింది! దాన్ని తుడిచేసి, రెండు కంప్యూటర్లకీ గట్టి తాళాలు బిగించి, ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు.

పదకొండింటికి మేనేజరు గదిలోంచి కేక.

"గౌరవనీయులైనననన... మీ పంపు అందిందదదద... ఇది ఉత్తరమా, డప్పా? ఎవరు కొట్టారు?"

టైపిస్టు కుడిచెయ్యి కొంగు చాటున దాచుకుంది. బాబాయ్ అడ్డం పడ్డాడు. "నేనేనండి. నా పొరపాటే."

"ఇంకోసారి ఇలాంటిది వస్తే ఎవరైనా సరే, ఇంటికే!"

వరండాలో తాళంగారు బాబాయ్ చొక్కా పట్టుకున్నాడు. "నిజం చెప్పు."

"జ్వరం తగ్గాక ఆవిడ చెయ్యి వణుకుతోందిరా. ఒక అక్షరం నొక్కితే నాలుగు పడుతున్నాయి. నా సిస్టంలో ఎంత వణికినా ఒకటే పడేట్టు పెట్టాను."

"ఆ సెట్టింగు మనదాంట్లోనూ ఉంది! తాళం వేసింది నేనే. అడిగితే తీసేవాణ్ణిగా?"

"అడగాలంటే ఫారం నింపాలి. ఫారంలో కారణం రాయాలి. అది మేనేజరు చదవాలి. చదివితే ఆవిణ్ణి ఉంచుతాడా?"

తాళంగారు బాబాయ్ చొక్కా వదిలేశాడు. ఆ ఫారం కనిపెట్టిన మహానుభావుడు తనే మరి.

మధ్యాహ్నం తనే ఫారం నింపాడు. కారణం అన్నచోట "కీబోర్డుకి తొందరెక్కువ" అని రాశాడు.

"ఈ కాలం కీబోర్డులింతే," అని మేనేజరు సంతకం గీకాడు.

శుక్రవారం పొద్దున్న టైపిస్టు, తాళంగారు ఆ సెట్టింగు తాళం తీసిన ఆఫీసు సిస్టంలోనే ఉత్తరం కొట్టింది. ప్రతి అక్షరం దాని చోట బుద్ధిగా కూర్చుంది. తాళంగారు ఛాతీ విరుచుకుని పక్కకి తిరిగితే, బాబాయ్ తెర మీద పెంగ్విన్! తాళం ఎలా ఊడిందో ఆ దేవుడికే ఎరుక.

"బాబాయ్! ఆవిడ ఇబ్బంది తీరిపోయిందిగా, ఇంకా ఇదెందుకు?"

"ఆవిడ కోసం ఆవిడదాంట్లో పెట్టాను. నాదాంట్లో ఉన్నది నా కోసంరా."

అంతలో తలుపు దగ్గర మేనేజరు బూట్ల చప్పుడు. తాళంగారు ఒక్క గెంతు గెంతి తెరకి అడ్డంగా నిలబడి, చేతులు బార్లా చాపాడు.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి సార్!"