కారు కింద నాయనమ్మ కాళ్లు

నా చిన్నప్పుడు, నూజివీడు దగ్గర మా మామిడితోటలో, గంపలు దాచుకునే షెడ్డులో ఒక పాత నల్లకారు ఉండేది. మా తాతయ్య కొన్నది. ఆయన పోయాక దాన్ని బయటికి తీసేవాళ్లు తక్కువ. ఆ ఏడు వానాకాలమంతా హ్యాండ్‌బ్రేకు వేసి వదిలేయడంతో వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. ఆ సంగతి మా మేనత్త పెళ్లిచూపుల రోజు పొద్దున బయటపడింది. పెళ్లివారిని హనుమాన్ జంక్షన్ నుంచి కారులో తీసుకొస్తానని నాన్న మాటిచ్చి ఉన్నాడు.

నాన్న చొక్కా విప్పేసి, తడినేల మీద ఇటుక వేసి, దాని మీద జాకీ పెట్టి కారును ఒకపక్క లేపాడు. చక్రం ఊడింది గానీ దాని వెనకున్న బ్రేకు డ్రమ్ము రాలేదు. లోపలి బ్రేకులు తుప్పుపట్టి దాన్ని గట్టిగా పట్టేశాయి. చుట్టూ సుత్తితో కొట్టాడు, కిరసనాయిలు పోశాడు. కదల్లేదు. ఇక కారు కింద దూరి, బ్రేకును వదులు చేసే నట్టు తిప్పాల్సిందే.

అంతలో నాయనమ్మ వచ్చింది.

"ముందు కింద మొద్దులు పెట్టరా."

"టైం లేదమ్మా. ఐదు నిమిషాల పని. నాకేం కాదు."

ఆవిడ చీర సర్దుకుని నేల మీద చతికిలబడి, రెండు కాళ్లూ కారు కిందికి చాపింది.

"ఏంటమ్మా ఇది? లే."

"నీకేం కానప్పుడు నాకు మాత్రం ఏమవుద్ది? నీ పని నువ్వు చూసుకో."

నాన్న చేతిలో స్పానరుతో అలాగే నిలబడ్డాడు. నేను జాకీ వంక, ఆవిడ పగిలిన మడమల వంక చూస్తున్నాను. చివరికి నాన్న స్పానరు విసిరేసి, షెడ్డు వెనక నుంచి మామిడి మొద్దులు దొర్లించుకొచ్చి ఇరుసు కింద పేర్చాడు. అప్పుడు గానీ నాయనమ్మ కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

నాన్న ఛాతీ దాకా కారు కిందికి దూరాడు. నట్టు తిరగడం లేదు. బలమంతా పెట్టి గుంజాడు. తడిమట్టిలో ఇటుక ఒరిగి, జాకీ పక్కకు జారిపోయింది. కారు దభీమని మొద్దుల మీద పడి ఆగింది. నాన్న కాళ్లు కదల్లేదు.

"బాగానే ఉన్నానమ్మా," అని కింద నుంచి సన్నగా వినిపించింది.

ఆయన బయటికొచ్చి గోడకు చేరగిలబడ్డాడు. నాయనమ్మ చెంబుతో మంచినీళ్లు ఇచ్చింది తప్ప, నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. కాసేపటికి నాన్న మళ్లీ దూరి నట్టు వదులు చేస్తే, నాలుగు దెబ్బలకే డ్రమ్ము ఊడొచ్చింది. రెండో పక్కది విప్పేలోపే పెళ్లివారు బస్సు దిగి వచ్చేశారు. సంబంధం కుదిరింది. కారు రాలేదని ఎవరూ ఏమీ అనుకోలేదు.

మనిషికి తన ప్రాణం లెక్కలోకి రాని ఘడియ ఒకటి ఉంటుందని, అప్పుడు మంచిమాటలు చెవికెక్కవని నాకు ఆ రోజు తెలిసింది. మొన్న వానకు షెడ్డు కారుతోందని మా అబ్బాయి తడి రేకుల మీదికి నిచ్చెన వేశాడు. ఆగమంటే, "నాకేం కాదులే అమ్మా," అన్నాడు. నేను కొంగు నడుముకు దోపి, వాడి వెనకే నిచ్చెన ఎక్కసాగాను. వాడు నన్ను చూసి, ముందు నన్ను దింపి, తనూ కిందికి దిగొచ్చాడు.